ఉప్పల్ వైపు పోలీసు: మారిన హద్దులు, మారిన నేరం

చిల్కానగర్ ఉప్పల్ ఠాణా పరిధిలోని బస్తీ. దక్షిణాన వరంగల్ రోడ్డు, ఉత్తరాన నాచారం పారిశ్రామికవాడ. ఊళ్ల నుంచి పనికోసం వచ్చిన కుటుంబాలు, అద్దె గదులు, ఒకదానికొకటి ఆనుకున్న డాబాలు ఇక్కడ ఎక్కువ. వందేళ్లలో ఈ ప్రాంతం ఎక్కడికీ కదలలేదు కానీ దీన్ని కాపలా కాసే పోలీసు వ్యవస్థ మాత్రం అనేకసార్లు చేతులు మారింది.

నిజాం కాలంలో హైదరాబాద్ నగర పోలీసు వేరు, జిల్లాల పోలీసు వేరు. నగరానికి కొత్వాల్, అంటే పోలీసు అధిపతి, ఉండేవాడు. ఆయన పలుకుబడి ఠాణాకే పరిమితం కాదు, నేరుగా నిజాం దగ్గరికి వెళ్లగల అధికారి. 1920 నుంచి 1934 వరకు ఆ పదవిలో ఉన్న రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి పేరు ఇప్పటికీ వినిపిస్తుంది. నగరం చుట్టూ ఉన్న గ్రామాలు మాత్రం అత్రాఫ్-ఎ-బల్దాలో, అంటే నిజాం సొంత ఖర్చులకు ఆదాయమిచ్చే సర్ఫెఖాస్ భూముల్లో ఉండేవి. 1948 పోలీసు చర్య తర్వాత, 1949లో సర్ఫెఖాస్ ప్రభుత్వంలో కలిసిపోయింది. నగరానికో పోలీసు, శివారుకో పోలీసు అన్న విభజన మాత్రం పోలేదు. నిజాం కాలపు 1348 ఫసలీ సంవత్సరం నాటి హైదరాబాద్ నగర పోలీసు చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది.

1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడ్డాక ఉప్పల్ ఆ జిల్లా ఎస్పీ కిందికి వచ్చింది. అప్పటికే నాచారం, ఉప్పల్‌లలో కర్మాగారాలు వెలిశాయి, జనం పెరిగారు. పల్లెలకోసం ఏర్పడిన జిల్లా పోలీసు ఒక పట్టణాన్ని చూసుకోవలసి వచ్చింది. ఈ ఇబ్బందికి జవాబుగా 2000ల తొలి ఏళ్లలో సైబరాబాద్ కమిషనరేట్ వచ్చింది, 2004లో దానికి ప్రత్యేక చట్టం చేశారు. జిల్లా ఎస్పీకి లేని మెజిస్ట్రేటు అధికారాలు కమిషనర్‌కు ఉంటాయి. 2016లో సైబరాబాద్‌ను రెండుగా చీల్చినప్పుడు తూర్పు సగానికి పద్మనాయకుల కొండకోట పేరు మీద రాచకొండ అని పెట్టారు. సుమారు 5 వేల చదరపు కిలోమీటర్లు! ఉప్పల్ చౌరస్తా రద్దీ, భువనగిరి వైపు ఇటుకబట్టీలు ఒకే అధికారి బల్లమీదికి చేరాయి.

హద్దుల సమస్య ఎంత పదునైనదో 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో తేలింది. కూతవేటు దూరంలో జరిగిన రెండు పేలుళ్లకు ఒక కేసు హైదరాబాద్ కమిషనరేట్‌లోని మలక్‌పేటలో, మరొకటి సైబరాబాద్‌లోని సరూర్‌నగర్‌లో నమోదయ్యాయి. ఆ ఏడాదే దుకాణాలు, ఆస్పత్రులు, జనం గుమికూడే చోట్లలో సీసీ కెమెరాలు తప్పనిసరి చేస్తూ ప్రజా భద్రతా చట్టం వచ్చింది. ఆ తర్వాత 2014లో మహిళలపై వేధింపులను అడ్డుకునే షీ టీమ్స్, 2018లో సిబ్బంది ఫోన్లలో టీఎస్‌కాప్ యాప్, 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో కమాండ్ కంట్రోల్ సెంటర్ వచ్చాయి. పోలీసు పెద్దలు సన్నద్ధత గురించి మాట్లాడినప్పుడు ఎక్కువగా చూపించేవి ఇవే.

నేరం గురించి మాట్లాడినప్పుడు మాత్రం వారి స్వరం మారుతుంది. ఏటా డిసెంబరులో కమిషనర్లు విడుదల చేసే వార్షిక నివేదికల్లో నేరాలను శరీర సంబంధ నేరాలు, ఆస్తి సంబంధ నేరాలు అని విడదీస్తారు. హత్యల్లో లాభం కోసం చేసినవాటిని వేరే పద్దులో చూపుతారు. దొంగతనం కోసం జరిగిన హత్య ఠాణాకు మచ్చ, ఇంటి తగాదాలో జరిగిన హత్య ఎవరూ ఆపలేనిది అన్న భావన ఆ విభజన వెనుక ఉంది. ఈ భావనకు లెక్కల బలం లేకపోలేదు. జాతీయ నేర గణాంక సంస్థ ప్రకారం 2022లో దేశంలో 28,522 హత్య కేసులు నమోదయ్యాయి. వాటిలో 9,962కు తగాదాలు, 3,761కి వ్యక్తిగత కక్షలు, 1,884కు లాభాపేక్ష కారణాలు. అయితే ఈ అంకెలకూ ఓ పరిమితి ఉంది: ఒక ఎఫ్‌ఐఆర్‌లో అనేక నేరాలుంటే అన్నింటికంటే పెద్దదే లెక్కకెక్కుతుంది.

ఆపలేమన్న చోట పోలీసులు ముందస్తు చర్యలవైపు మళ్లారు. రౌడీషీట్లు, బస్తీల్లో కార్డన్ సెర్చ్‌లు, 1986 నాటి ముందస్తు నిర్బంధ (పీడీ) చట్టం ఇందులోవి. ఆ చట్టాన్ని తెలంగాణలో వాడుతున్న తీరును 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు గట్టిగా తప్పుపట్టింది. విచారణ లేకుండా నిర్బంధించడం సన్నద్ధత అనిపించుకోదు. సులువుగా లెక్క చూపించగలగడమే దానికున్న ఆకర్షణ.

2018 ఫిబ్రవరి 1న చిల్కానగర్‌లో ఎదురైన కేసు అటు కెమెరాలు, ఇటు ముందస్తు నిర్బంధాలు అనే రెండు రకాల ఏర్పాట్లకూ అందనిది. చంద్రగ్రహణం మరునాడు ఒక డాబా మీద పసికందు తల కనిపించింది. ఎక్కడా ఫిర్యాదు లేదు, బిడ్డ ఎవరో తెలియదు, మొండెం లేదు. పెట్రోకార్లు, చౌరస్తా కెమెరాలు నాలుగు గోడల మధ్య జరిగిన పనిని పట్టలేవు. ఆ ఇంట్లో కడిగేసిన నేల మీద రసాయన పరీక్షలో బయటపడిన రక్తపు జాడలు, డీఎన్‌ఏ నివేదికే దర్యాప్తును ముందుకు నడిపాయి. సుమారు రెండు వారాల్లో ఆ ఇంటివారినే అరెస్టు చేసి, నగరంలో ఫుట్‌పాత్ మీద నుంచి ఎత్తుకొచ్చిన బిడ్డను క్షుద్రపూజకు బలిచ్చారని పోలీసులు ప్రకటించారు. అప్పటి రాచకొండ కమిషనర్ మహేశ్ భగవత్ అంతకు ముందు ఏడాదే మానవ అక్రమ రవాణాను అడ్డుకున్నందుకు అమెరికా విదేశాంగ శాఖ గుర్తింపు పొందారు. అయినా ఫుట్‌పాత్ మీద మాయమైన బిడ్డకోసం ఎవరూ ఠాణా మెట్లెక్కని పరిస్థితిని ఏ పతకమూ మార్చలేదు.

డీఎన్‌ఏ పరీక్ష ఈ ప్రాంతానికి పరాయిది కాదు. చిల్కానగర్‌కు దగ్గరలోనే, హబ్సిగూడలోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్ బృందం 1980ల చివర్లో దేశీయ డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతిని రూపొందించింది. కేరళలోని తలశ్శేరి కోర్టులో పితృత్వ వివాదం, రాజీవ్‌గాంధీ హత్య, ఢిల్లీ తందూరీ హత్య కేసుల్లో ఆ పద్ధతి ఉపయోగపడింది. అదే పనికోసం ఏర్పడిన సీడీఎఫ్‌డీ అనే సంస్థ ఇప్పుడు ఉప్పల్ ఇన్నర్ రింగ్ రోడ్డు మీద ఉంది. అలాంటి పరిజ్ఞానం మామూలు కేసులోనూ, మొదటి గంటల్లోనే అందడం ఇన్నాళ్లూ దర్యాప్తు అధికారి పట్టుదల మీద, ఘటనాస్థలంలో ఆధారాలు సేకరించే క్లూస్ టీం ఖాళీ మీద ఆధారపడింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ఏడేళ్లు, అంతకు మించి శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి రావడాన్ని తప్పనిసరి చేసి, అందుకు సిద్ధం కావడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల వరకు గడువిచ్చింది. జీరో ఎఫ్‌ఐఆర్‌ను కూడా అదే చట్టంలో చేర్చారు. కాబట్టి ఉప్పల్ ఠాణాకు వచ్చిన ఫిర్యాదు నాచారానిదైనా, మరో కమిషనరేట్‌దైనా ముందు రాసుకోవాల్సిందే.