సుబ్బారావు మందు, పెరిగే కణాల గణితం

కొల్లేటికి తూర్పున, గోదావరి కాలువల కింద వరి పండే మాగాణుల నడుమ ఉన్న భీమవరంలో 1895 జనవరి 12న జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు తెలుగువారికి కొత్త కాదు. 1925లో ఏలూరు కేంద్రంగా పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడేనాటికే ఆయన అమెరికాలోని హార్వర్డ్‌లో పరిశోధకుడు. ఆయన మందుల గురించి తెలుగులో చాలానే రాశారు గాని, ఆ మందుల్లో ఒకటి కొంతకాలం పనిచేసి తరువాత ఎందుకు విఫలమయ్యేదన్న ప్రశ్న సంభావ్యతా గణితాన్ని క్యాన్సర్ వైద్యంలోకి ఎలా తెచ్చిందో చెప్పుకున్నది తక్కువ. సుబ్బారావు చరిత్రలో ఇది విడదీయరాని భాగం.

హార్వర్డ్ తరువాత చేరిన లెడర్లె ప్రయోగశాలల్లో ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. కణం రెండుగా చీలాలంటే ముందు తన డి.ఎన్.ఏ.కు నకలు తీసుకోవాలి, ఆ పనికి ఈ విటమిన్ కావాలి. కనుక దానిని పోలినట్టే ఉండి దాని పనిని అడ్డుకునే అణువును ఇస్తే, వేగంగా పెరిగే క్యాన్సర్ కణాలకే ముందు దెబ్బ తగులుతుంది. ఆ బృందం తయారుచేసిన అటువంటి అణువులే అమినోప్టెరిన్, తరువాత మెథోట్రెక్సేట్‌గా పేరొందిన అమెథోప్టెరిన్. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ తీవ్ర లుకేమియాతో, అంటే రక్తక్యాన్సర్‌తో, బాధపడే 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ ఇవ్వగా 10 మందిలో మెరుగుదల కనిపించిందని 1948 జూన్‌లో ప్రకటించారు. అప్పటివరకు ఏ మందూ చేయలేని పని అది. అయినా ఆ ఉపశమనం తాత్కాలికమేనని వ్యాసం శీర్షికలోనే ఉంది. కొన్ని నెలలకు వ్యాధి తిరగబెట్టేది, రెండోసారి అదే మందు పనిచేసేది కాదు. ఆ ఆగస్టులోనే, 53 ఏళ్ల వయసులో, సుబ్బారావు కన్నుమూశారు.

మందును తట్టుకునే కణాలు మందు తగిలాక పుడతాయా, లేక ముందే పుట్టి ఉంటాయా? ఈ ప్రశ్నకు జవాబు రాబట్టే పద్ధతిని సాల్వడోర్ లురియా, మాక్స్ డెల్బ్రుక్ అప్పటికి అయిదేళ్ల ముందే, 1943లో, బాక్టీరియా మీద చూపించారు. కొద్దిపాటి బాక్టీరియాను అనేక గొట్టాల్లో విడివిడిగా పెంచి, ఒక్కో గొట్టంలోని కణాలను వాటిని చంపే వైరస్ పూసిన పళ్లెం మీద పరచి, బతికినవాటిని వారు లెక్కపెట్టారు. వైరస్ తగిలిన తరువాతే కొన్ని కణాలు మారుతూ ఉంటే ప్రతి గొట్టానికీ ఇంచుమించు ఒకే సంఖ్య రావాలి, సంఖ్యల చెదురును కొలిచే విస్తృతి వాటి సగటుకు సమానంగా ఉండాలి. ముందే, పెరిగే క్రమంలో, యాదృచ్ఛికంగా జన్యువులో ఉత్పరివర్తనం, అంటే వారసత్వంగా దిగివచ్చే మార్పు, జరుగుతూ ఉంటే లెక్క వేరు. ఒక కణం 20 సార్లు రెట్టింపయితే 10,48,576 కణాలవుతాయి. పదో తరంలో ఒక కణం మారితే చివరికి దాని సంతతి 1,024, పంతొమ్మిదో తరంలో మారితే కేవలం 2. అందువల్ల చాలా గొట్టాల్లో సున్నాలు, ఎక్కడో ఒకదానిలో వందలు కనిపించాలి. కనిపించినవి అవే, విస్తృతి సగటును ఎన్నో రెట్లు మించిపోయింది.

ఈ చెదురు తీరును నిక్కచ్చి సూత్రంగా మలచినవారు డగ్లస్ లీ, చార్లెస్ కూల్సన్. వారి వ్యాసం 1949లో వెలువడింది. తరువాతి కాలంలో భారత పౌరుడైన జె.బి.ఎస్. హాల్డేన్ కూడా 1940లలోనే తనదైన పరిష్కారాన్ని రాసుకున్నారు గాని ప్రచురించలేదు. ఇటువంటి సమాచారం నుంచి ఉత్పరివర్తనాల రేటును ఎంత కచ్చితంగా అంచనా వేయగలమో నిర్ణయించే పనిముట్లు గణాంకశాస్త్రం ఇచ్చినవి. వాటిలో ప్రధానమైనది, ఏ నిష్పాక్షిక అంచనాకైనా చెదురు ఒక హద్దు కంటే తగ్గదని తెలిపే అసమానత, 1945లో కల్యంపూడి రాధాకృష్ణారావు ప్రకటించినది. నేడు ఏలూరు జిల్లాలో ఉన్న నూజివీడులో ఆయన బడిచదువు కొంత సాగింది. కేంబ్రిడ్జిలో రోనాల్డ్ ఫిషర్ వద్ద ఎలుకల జన్యువుల మీద కూడా ఆయన పనిచేశారు.

లురియా పరీక్ష, సుబ్బారావు మందు 1952లో కలిశాయి. లాయిడ్ లా అనే శాస్త్రవేత్త ఆ పరీక్షను ఎలుకల లుకేమియా కణాలకు అన్వయించి, ఫోలిక్ ఆమ్ల విరోధులను తట్టుకునే కణాలు మందుతో నిమిత్తం లేకుండా ఉత్పరివర్తనాల వల్ల పుడతాయని, మందు వాటిని ఏరి మిగులుస్తుందని చూపారు. వైద్యుడి చేతికి అందే సూత్రం రావడానికి మరికొంత కాలం పట్టింది. 1979లో గోల్డీ, కోల్డ్‌మన్ ఇచ్చిన నమూనా ప్రకారం, ప్రతి విభజనకూ పది లక్షల్లో ఒక వంతు అవకాశంతో మార్పు జరిగేటట్లయితే, లక్ష కణాల గడ్డలో తట్టుకునే కణం ఒక్కటీ లేకపోవడానికి అవకాశం సుమారు 90 శాతం, పది లక్షల కణాలకు 37 శాతం, కోటి కణాలకు దాదాపు శూన్యం. కంటికి కనిపించే గడ్డలో కణాలు కోట్లలో ఉంటాయి గనుక ఒక్క మందు చాలదు. వేరువేరు విధాల పనిచేసే రెండు మందులను ఒకేసారి తట్టుకోవాలంటే రెండు మార్పులూ ఒకే కణంలో జరగాలి, ఆ అవకాశం లక్ష కోట్లలో ఒకటి. అమెథోప్టెరిన్‌తో మరి మూడు మందులను కలిపిన చికిత్స 1960లలోనే లుకేమియా పిల్లలకు మొదలైంది. అనుభవం ముందు చూపిన దారికి నమూనా తరువాత కారణం చెప్పింది.

నమూనాకు హద్దులూ ఉన్నాయి. మెథోట్రెక్సేట్‌ను తట్టుకునే కణాల్లో కొన్ని ఒకే మార్పుతో ఆగకుండా, మందు అడ్డుకునే ఎంజైము తాలూకు జన్యువునే అనేక నకళ్లుగా పెంచుకుంటాయని రాబర్ట్ షిమ్కీ బృందం 1978లో కనుగొన్నది. అక్కడ నిరోధకత, అంటే మందును తట్టుకునే శక్తి, మెట్లుమెట్లుగా పెరుగుతుంది. క్యాన్సర్ కణాల నుంచి మళ్లీ బాక్టీరియాకు వస్తే, కొల్లేటి చుట్టుపక్కల చేపల చెరువుల్లో చిక్కు ఇంకా ఎక్కువ. సుబ్బారావు పరిశోధనాధిపతిగా ఉన్న కాలంలో లెడర్లెలోనే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను వెలికితీశారు. దానితో మొదలైన టెట్రాసైక్లిన్ జాతి మందులు చేపలకు, రొయ్యలకు వచ్చే బాక్టీరియా వ్యాధులకూ వాడుకలోకి వచ్చాయి. అయితే బాక్టీరియా నిరోధక జన్యువులను సంతతికే కాక పొరుగు కణాలకు, వేరే జాతులకు కూడా అందిస్తుంది. తల్లి నుంచి బిడ్డకు మాత్రమే మార్పు దిగివస్తుందన్న లురియా లెక్కకు, చెరువు విషయంలో, పక్కపక్క కణాల మధ్య జరిగే ఈ బదిలీ రేటును కూడా చేర్చవలసి ఉంటుంది.