పత్రికను చింపుకొచ్చిన ముఖం

1946 జూన్‌లో తీసిన ఒక ఫొటో ఇటలీలో చాలామందికి గుర్తు. మిలాన్ నుంచి వెలువడే 'కొర్రియెరె దెల్లా సేరా' దినపత్రిక మొదటి పేజీ. ఇటలీ రిపబ్లిక్ పుట్టిందని పతాక శీర్షిక. ఆ కాగితాన్ని నడిమికి చింపి, ఆ కంతలోంచి ముఖం బయటపెట్టి నవ్వుతున్న ఒక యువతి. ఫెదెరీకో పతెల్లానీ తీసిన ఈ ఫొటో 'తెంపో' వారపత్రిక ముఖచిత్రంగా వచ్చింది. ఆ నెల 2న జరిగిన రెఫరెండంలో రాచరికం రద్దయింది. జాతీయస్థాయిలో స్త్రీలు ఓటు వేసింది అదే మొదటిసారి. రాజ్యాంగ సభకు ఎన్నికైన 556 మందిలో 21 మంది స్త్రీలు.

పుస్తకాల అట్టల మీదా, పోస్టర్ల మీదా ఆ ముఖం లెక్కలేనన్నిసార్లు అచ్చయింది. ఆమె ఎవరన్నది మాత్రం దశాబ్దాలపాటు ఎవరూ పట్టించుకోలేదు. 'అవాంతి!' అనే సోషలిస్టు దినపత్రిక ఆఫీసులో పనిచేసే అమ్మాయి అని చాలా ఆలస్యంగా తెలిసింది. అంటే పత్రికల మధ్యే బతికిన మనిషి. కానీ ఫొటోలో ఆమె పత్రిక చదవడం లేదు. ఆమె రావాలంటే పత్రిక చిరగాల్సి వచ్చింది. ఈ ఫొటోను మొదటిసారి చూసినప్పుడు నాకు సంతోషం కలిగింది. ఇప్పుడు ప్రశ్నలు కలుగుతున్నాయి.

నా పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథంలో పత్రికలు, స్త్రీ పాఠకులు అన్న అధ్యాయం ఉంది. మతీల్దె సెరావొ కథలు ఇంగ్లీషు అనువాదంలో చదివి ఇష్టపడి, పోలిక కోసం ఇటలీని తీసుకున్నాను. పాఠకుల సర్వేలు చూశాను. దినపత్రికలు చదివేవాళ్లలో మగవాళ్లు ఎక్కువ, వారపత్రికల్లో ఆడవాళ్లు ఎక్కువ. దాన్ని బట్టి నేను నిస్సంకోచంగా ఒక వాక్యం రాశాను: ఇటలీ స్త్రీలు ప్రధానంగా దినపత్రిక పాఠకులు కారు. పరీక్షకులెవరూ అభ్యంతరం చెప్పలేదు. ఇప్పుడా అధ్యాయాన్ని పుస్తకం కోసం తిరగరాస్తుంటే ఆ వాక్యం దగ్గర నా చెయ్యి ఆగిపోతోంది. చదవలేదు అన్నది నిజమా? లేక వాళ్లను పాఠకులుగా ఎవరూ లెక్కపెట్టలేదా? ఈ రెండూ ఒకటి కాదు కదా.

చరిత్రలోకి వెళ్తే మొదట ఎదురయ్యేది అక్షరం. 1861లో ఇటలీ ఒక్క రాజ్యంగా ఏర్పడినప్పుడు నూటికి డెబ్బై మందికి పైగా నిరక్షరాస్యులు. స్త్రీలలో ఎనభై మందికి పైగా. 1901 నాటికి కూడా స్త్రీలలో సగానికి మించి చదువు రానివాళ్లే, దక్షిణాదిలో ఇంకా ఎక్కువ. దీనికి తోడు భాష. ఏకీకరణ నాటికి ఇటాలియన్ మాట్లాడేవాళ్లు జనాభాలో రెండున్నర శాతమేనని భాషావేత్త తుల్లియొ దె మౌరొ 1963లో అంచనా కట్టాడు. పది శాతం దాకా ఉంటుందన్న పండితులూ ఉన్నారు. ఏది నిజమైనా, అత్యధికుల ఇళ్లలో నేపుల్స్ మాటో, సిసిలీ మాటో, వెనిస్ మాటో ఉండేది. పత్రిక భాష వంటింటి భాష కాదు, వీధి భాష కూడా కాదు. బడికి పంపని ఆడపిల్లకు అది రెండింతల దూరం.

'కొర్రియెరె'ను 1876 మార్చిలో మిలాన్‌లో స్థాపించినవాడు ఎవుజేనియొ తొరెల్లీ వియొల్లియే. ఆయన భార్య మారియా అంతొనియెత్తా తొర్రియానీ ఆ పత్రికలో రాసిన తొలి స్త్రీ. పాఠకులకు మాత్రం 'మార్కేజా కొలొంబీ' అన్న కలంపేరుతోనే తెలుసు. ఆ పేరు ఒక నాటకంలోని పాత్రది. 1878లో వరిపొలాల్లో కూలికి వెళ్లే అమ్మాయి గురించి నవల రాసింది. 1885లో చిన్న ఊళ్లో పెళ్లి కోసం ఎదురుచూడటమే జీవితమైపోయిన యువతి గురించి మరో నవల రాసింది. కానీ ఆమెకు బాగా పేరు తెచ్చి, అచ్చు మీద అచ్చు వేయించుకున్న పుస్తకం మర్యాదస్తుల నడవడి గురించి 1877లో రాసినది. స్త్రీ కలానికి అప్పటి మార్కెట్టు గీసిన గిరి ఇది. ఎలా కూర్చోవాలో, ఎలా పలకరించాలో చెప్పు, చాలు.

ఆ గిరిలో నిలబడే దాన్ని వెడల్పు చేసిన మనిషి మతీల్దె సెరావొ. 1856లో గ్రీసులోని పత్రాస్‌లో పుట్టి నేపుల్స్‌లో పెరిగింది. ఇల్లు గడవడానికి పద్దెనిమిదేళ్ల వయసులో ప్రభుత్వ టెలిగ్రాఫ్ ఆఫీసులో ఉద్యోగానికి చేరింది. ఊరి వార్తలన్నీ ఆ అమ్మాయిల వేళ్ల మీదుగా వెళ్లేవి. వాళ్ల వార్త మాత్రం ఎక్కడా ఉండేది కాదు. తర్వాత తానే ఆ స్త్రీల విభాగం గురించి కథ రాసి ఆ లోటు పూడ్చింది. 1884లో నేపుల్స్ పేదవాడల మీద ఆమె రాసిన వ్యాసాలు పుస్తకమయ్యాయి. 1892లో భర్త ఎదోఆర్దో స్కార్ఫోల్యోతో కలిసి 'ఇల్ మత్తీనో' దినపత్రిక పెట్టింది.

తేనెటీగలు, జోరీగలు, కందిరీగలు అన్న పేరుతో సెరావొ మొదలుపెట్టిన కాలమ్ ఏళ్ల తరబడి నడిచింది. ఎవరింట విందు జరిగింది, ఎవరు ఏ బట్ట కట్టుకొచ్చారు, ఎవరి పెళ్లి కుదిరింది వంటి ముచ్చట్లు. పండితులు దీన్ని చిల్లరగా చూశారు. నేనూ అలాగే చూసి, థీసిస్‌లో రెండు వాక్యాల్లో తేల్చేశాను. పరిశోధన కోసం నేపుల్స్‌లో ఉన్న మూడు నెలల్లో ఆనాటి పత్రికల్ని తిరగేస్తున్నప్పుడు కూడా నా కళ్లు సంపాదకీయాల మీదే ఉండేవి. దినపత్రికలో స్త్రీలు తమ పేరో, తమకు తెలిసినవాళ్ల పేరో వెతుక్కోగలిగిన చోటు అదేనని నాకప్పుడు తోచలేదు. ఆ మూల కోసం పత్రిక తెరిచిన ఆమె పక్కనున్న వార్త మీద చూపు వేయకుండా ఉంటుందా?

సెరావొను ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. స్త్రీలకు ఓటు వద్దంది. విడాకుల చట్టాన్ని వ్యతిరేకించింది. రోజూ ఊరికి బుద్ధి చెప్పే సంపాదకురాలు, మిగిలిన ఆడవాళ్లకు రాజకీయం తగదంది. ఈ వైరుధ్యాన్ని ఆమె బతుకే ఎత్తి చూపింది. భర్తతో విడిపోయినప్పుడు, తాను కూడా పునాది వేసిన 'ఇల్ మత్తీనో' ఆయనకే మిగిలింది. ఆమె బయటికి నడిచి, 1904లో 'ఇల్ జోర్నో' అనే మరో దినపత్రిక పెట్టి, 1927లో చనిపోయేదాకా నడిపింది. స్కార్ఫోల్యో పత్రిక వదులుకోవాల్సిన అవసరం రాలేదు. ఆ సంగతి మీద ఆమె సంపాదకీయం రాసిందో లేదో గానీ, మనం మాత్రం రాయాలి.

ఇక ఫాసిజం. ముసోలినీ ప్రభుత్వం ఏ వార్త వేయాలో, ఏది దాచాలో పత్రికలకు ఉత్తరువులు పంపేది. పలుచటి కాగితం మీద టైపు కొట్టిన ఆ నకళ్లను 'వెలీనె' అనేవారు. 1988లో ఒక టెలివిజన్ వ్యంగ్య వార్తల కార్యక్రమం, యాంకర్ల బల్ల దగ్గరికి వార్తల కాగితాలు తెచ్చిచ్చే అమ్మాయిలకు అదే పేరు పెట్టింది. కాగితాలు ఎటో పోయాయి, పేరు అమ్మాయిలకు అంటుకుంది. తర్వాతి తరానికి 'వెలీనా' అంటే తెర మీద అరకొర బట్టలతో గంతులేసే అమ్మాయే. నోరెత్తకుండా చెప్పింది మోసే కాగితం పేరు, నోరెత్తకుండా వార్త మోసే ఆడమనిషి పేరుగా మారిన తీరు భాషలో పితృస్వామ్యం ఎలా పనిచేస్తుందో చెబుతుంది.

యుద్ధం తర్వాత ఓటు వచ్చింది, బడి వచ్చింది. పాఠకులు పెరగాలి కదా? పెరగలేదు. దశాబ్దాలపాటు ఇటలీ దినపత్రికలన్నీ కలిపినా రోజుకు అరవై లక్షల ప్రతుల గోడ దాటలేకపోయాయి. 1980లలో దాటి, 1990లో 68 లక్షలకు చేరి, అక్కడి నుంచి దిగజారాయి. ఇటాలియన్లకు చదివే అలవాటు లేదన్న మాట చాలామంది అన్నారు. ఆ గోడ కట్టిందెవరో 1959లో ఎంత్సొ ఫొర్చెల్లా అనే రాజకీయ విలేకరి తన వ్యాసంలో దాపరికం లేకుండా చెప్పాడు. తనబోటివాడికి అసలైన పాఠకులు పదిహేను వందల మంది: మంత్రులు, పార్లమెంటు సభ్యులు, పార్టీ నాయకులు, పెద్ద మతాధికారులు, కొందరు పారిశ్రామికవేత్తలు. మిగిలినవాళ్లు లెక్కలోకి రారు. ఆ పదిహేను వందల మందిలో స్త్రీలు ఎందరుండి ఉంటారో మనం ఊహించుకోవచ్చు.

ఆ గోడకు అవతల మరో అచ్చు ప్రపంచం ఉంది. 1930ల నుంచి 'జోయా', 'గ్రాత్సియా', యుద్ధం ముగిశాక 'గ్రాండ్ హోటల్' వంటి వారపత్రికలు స్త్రీల చేతుల్లోకి వెళ్లాయి. చదివే అలవాటు లేని దేశంలో ఇవి ఎలా అమ్ముడుపోయాయి? ఆదివారాలు ఇంటింటికీ తిరిగి కమ్యూనిస్టుల 'లూనితా' అమ్మిన కార్యకర్తల్లో స్త్రీలూ ఉన్నారు. అమ్మేవాళ్లు చదవకుండానే అమ్మారా? 1971లో దినపత్రికగా మారిన 'ఇల్ మనిఫెస్తో' స్థాపకుల్లో రొస్సానా రొస్సాందా, లుచానా కాస్తెల్లీనా ఉన్నారు. సిసిలీలో 'లోరా' పత్రికకు 1974 నుంచి లెతీత్సియా బత్తాల్యా మాఫియా హత్యల ఫొటోలు తీసింది, ఆ శవాల పక్కన కూలబడ్డ తల్లుల్ని, భార్యల్ని కూడా తీసింది. 1976లో మొదలైన 'లా రెపుబ్లికా' తొలి బృందంలో మీరియం మఫాయి ఉంది. 1983లో జాతీయ జర్నలిస్టుల సంఘానికి అధ్యక్షురాలైన తొలి స్త్రీ ఆమే. 1996లో మాత్రం పెద్ద పత్రికలు రెండూ స్త్రీల కోసం వారానికో అనుబంధం మొదలుపెట్టాయి. 'రెపుబ్లికా' తన అనుబంధాన్ని స్త్రీల రిపబ్లిక్ అంది. అసలు రిపబ్లిక్ రోజూ వస్తుంది, స్త్రీలది వారానికోసారి.

2007 జనవరి 31న అదే 'రెపుబ్లికా' మొదటి పేజీలో ఒక ఉత్తరం వచ్చింది. రాసింది వెరోనికా లారియొ. అప్పటికి రెండుసార్లు ప్రధానిగా చేసిన, టీవీ ఛానళ్ల అధిపతి సిల్వియొ బెర్లుస్కోనీ భార్య. ఒక విందులో ఇతర స్త్రీలతో ఆయన అన్న మాటలకు బహిరంగ క్షమాపణ కోరింది. ఛానళ్లు ఇంట్లోనే ఉన్నాయి, దినపత్రిక మరిది చేతిలో ఉంది. అయినా ఆమె భర్తను వ్యతిరేకించే పత్రికకు ఉత్తరం రాయాల్సి వచ్చింది. ఆ రోజే ఆయన క్షమాపణ చెప్పాడు. సంపాదకుడికి లేఖ అనే పాత ప్రక్రియ ఆ రోజు సంపాదకీయం కన్నా బలంగా పనిచేసింది. పత్రిక ఎలా పనిచేస్తుందో బాగా తెలిసిన పాఠకురాలే అలాంటి ఉత్తరం రాయగలదు.

నేపుల్స్‌లో నేనుండే వీధి చివర కాఫీ బారులో వచ్చేపోయేవాళ్ల కోసం పేపర్లు పెట్టేవాళ్లు. పొద్దున్నే మగవాళ్లు గులాబిరంగు కాగితం మీద అచ్చయ్యే క్రీడా దినపత్రికను చేతులు మార్చుకుంటూ చదివేవాళ్లు. మధ్యాహ్నం జనం పలుచబడ్డాక, గిన్నెలు కడిగే ఆవిడ చేతులు తుడుచుకుని, నిలబడే అదే పేపరు వెనక నుంచి ముందుకు తిప్పేది. అది చూసి నాకు మా అమ్మ గుర్తొచ్చింది.

ఖమ్మంలో మా ఇంట్లో పేపరు ముందు నాన్నది, తర్వాత అన్నయ్యది. మూడింటికి వంటిల్లు సర్దుకున్నాక, నలిగిన పేజీల్ని వరస కలుపుకుని అమ్మ నేల మీద కూర్చునేది. కొట్టు నుంచి పప్పు కట్టుకొచ్చిన కాగితం కూడా చదివి గాని పొయ్యిలో పెట్టేది కాదు. ఒకసారి సర్వే కుర్రాడొచ్చి ఇంట్లో పేపరు ఎవరు చదువుతారని అడిగితే, నాన్న "నేనూ, మా అబ్బాయీ" అన్నాడు. అమ్మ అతనికి మంచినీళ్లిచ్చి లోపలికెళ్లింది.

మొన్న ఆ సంగతి గుర్తుచేసి, "అప్పుడు నువ్వెందుకు చెప్పలేదమ్మా?" అని అడిగాను.

"నాదేం చదవటమే? ఊరికే తిరగేస్తా," అంది.

ఇటలీ సర్వేల్లోనూ ప్రశ్న అదే: చదివారా, తిరగేశారా అని. అక్కడ రెండింటికీ ఒకటే గడి. కానీ తిరగేయడం కూడా చదవడమేనని ఆ స్త్రీకి ఎవరైనా చెప్పారా? మగవాళ్లు చదివే పద్ధతే చదవడమని అమ్మ నమ్మింది. డాక్టరేటు తీసుకున్న నేనూ నమ్మాను. పట్టికలో ఖాళీగా ఉన్న గడిని చూసి అక్కడ మనిషే లేదనుకున్నాను.

నా వాక్యాన్ని కొట్టేశాను. దాని స్థానంలో ఇలా రాశాను: ఇటలీ దినపత్రికలు స్త్రీలను తమ పాఠకులుగా ఊహించుకోలేదు, స్త్రీలు మాత్రం వాటిని చదువుతూనే వచ్చారు. ఎప్పుడు, ఎక్కడ, ఏ పేజీ నుంచి చదివారన్నది ఇంకా తవ్వాల్సిన చరిత్ర. మనలో ఎవరికి వాళ్లం మన ఇంట్లో మధ్యాహ్నం మూడింటి నుంచి మొదలుపెట్టవచ్చు.