మ్యాన్‌హోల్ మూతలు: ఉక్కు పోగుల కాంక్రీటుకు, సాధారణ కాంక్రీటుకు గల భేదం

నగర వీధుల్లోని పోత ఇనుము మ్యాన్‌హోల్ మూతలు పాత ఇనుముగా అమ్ముడుపోతాయి గనుక తరచు దొంగతనాలకు గురవుతూ వచ్చాయి. వాటికి ప్రత్యామ్నాయంగా ఉక్కు పోగుల (స్టీల్ ఫైబర్) కాంక్రీటు మూతల తయారీ విధానాన్ని చెన్నైలోని స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ రీసెర్చ్ సెంటర్ రూపొందించింది.

సాధారణ కాంక్రీటు ఒత్తిడిని బాగా తట్టుకుంటుంది. లాగుడును తట్టుకునే శక్తి మాత్రం అందులో దాదాపు పదో వంతే. కడ్డీలు లేని కాంక్రీటు బీట వారిన వెంటనే హఠాత్తుగా విరిగిపోతుంది. లారీ చక్రం కింద మూత ఇలా విరిగితే వెనుక వచ్చే పాదచారికి, ద్విచక్ర వాహనదారుకు ప్రాణాపాయమే.

ఉక్కు పోగుల కాంక్రీటులో సాధారణంగా 30 నుంచి 60 మిల్లీమీటర్ల పొడవు, మిల్లీమీటరుకు మించని మందం గల పోగులను మిశ్రమంలోనే కలుపుతారు. ఘనపరిమాణంలో ఒక శాతం కలపాలంటే ఘనపు మీటరుకు సుమారు 78 కిలోల ఉక్కు కావాలి. బీట ఏర్పడిన తరువాత పోగులు దాని రెండు అంచులనూ పట్టి ఉంచుతాయి. మూత పగిలినా ముక్కలు విడిపోవు. మార్చేందుకు వ్యవధి దొరుకుతుంది.

తనిఖీ అధికారులు గమనించదగిన విషయం ఒకటున్నది. పోగుల వల్ల ఒత్తిడిని తట్టుకునే బలం పెద్దగా పెరగదు. కావున క్యూబు పరీక్షలో రెండు రకాల కాంక్రీటూ ఇంచుమించు ఒకే ఫలితం చూపవచ్చు. పోగులు తగినన్ని ఉన్నదీ లేనిదీ ఆ అంకె చెప్పదు. తయారైన మూతపైనే భార పరీక్ష జరపాలి. ఇందుకు భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 12592 వర్తిస్తుంది. అందులో ఎల్.డి.-2.5, ఎం.డి.-10, హెచ్.డి.-20, ఇ.హెచ్.డి.-35 అనే గ్రేడులు ఉన్నాయి. అంకెలు టన్నులను సూచిస్తాయి. కాలిబాటకు ఉద్దేశించిన 2.5 టన్నుల మూతను లారీలు తిరిగే దారిలో అమర్చితే పోగులున్నా ప్రయోజనం లేదు.

పోగులు కలిపిన మిశ్రమం బిగుసుగా ఉంటుంది. నీరు ఎక్కువ పోసి పలుచన చేస్తే బలం తగ్గుతుంది, ప్లాస్టిసైజరు వాడాలి. పోగులను ఒక్కసారిగా కుమ్మరిస్తే ఉండలు కడతాయి.

మూత ఉపరితలంపై కనిపించే తుప్పు మచ్చలు పైకి తేలిన పోగులవి. అవి చూపుకు ఇంపుగా ఉండవు గాని, వాటిని బట్టి మూత బలహీనమైనదని చెప్పరాదు. భవనాల దూలాలు, స్తంభాలలో ప్రధాన కడ్డీల స్థానంలో పోగులను వాడడం వేరు విషయం. మూతల అనుభవాన్ని వాటికి వర్తింపజేయడానికి వీలులేదు.