చలి కోసం ఎక్కిన కొండలు

పండగపూట కొత్త చీర కట్టుకోవాలనిపిస్తుంది గాని, చలికి వణకాలని ఎవరికైనా అనిపిస్తుందా? అనిపిస్తుందిట! మావారి ఉద్యోగం పుణ్యమా అని విదేశంలో ఉన్న రోజుల్లో ఒకసారి జనవరి ఒకటో తారీఖు సెలవులకి మంచుకొండ మీది విడిదికి వెళ్ళాం. కాళ్ళకి స్కీలనే పొడుగాటి పలకలు కట్టుకుని జనం పైనుంచి కిందకి జర్రున జారుతున్నారు. డబ్బిచ్చి మరీ చలి కొనుక్కుంటున్నారన్నమాట! ఏడాది మొత్తానికి 22 అంగుళాల వాన పడితే చాలనుకునే అనంతపురం మనిషిని. నాకు వింతగా ఉండదూ?

ఈ సరదా మరీ పాతదేం కాదు. స్విట్జర్లాండులో సెయింట్ మోరిట్జ్ అనే ఊరుంది. అక్కడ బాడ్రుట్ అనే హోటలాయన 1864లో, వేసవి విడిది ముగించి వెళ్ళిపోతున్న ఇంగ్లీషు అతిథులతో పందెం వేశాడట. చలికాలంలో వచ్చి చూడమనీ, నచ్చకపోతే దారిఖర్చులు తానే ఇచ్చుకుంటాననీ. వచ్చినవాళ్ళు మళ్ళీ కదిలితేనా! తర్వాత 1894లో షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన కానన్ డాయిల్, స్కీల మీద కొండ దాటి ఆ ముచ్చట పత్రికకి రాశాడు. దాంతో మోజు ఇంకా పెరిగింది.

మరి మన ఎండల్లో ఉద్యోగాలు వెలగబెట్టిన ఇంగ్లీషువాళ్ళో? వాళ్ళకి మన సీమే కదా విదేశం! వాళ్ళూ చలినే వెతుక్కున్నారు. మద్రాసు పెద్దదొరలకి ఊటీ ఉండనే ఉంది. కడప కలెక్టరు హార్స్లీ 1870 ప్రాంతంలో మదనపల్లె దగ్గర, 4,100 అడుగుల ఎత్తున్న ఏనుగు మల్లమ్మ కొండ మీద ఇల్లు కట్టుకున్నాడు. అంతటితో మల్లమ్మ పేరు వెనకబడి, అది హార్స్లీ కొండైపోయింది.

కొండెక్కలేనివాళ్ళ మాటేమిటి? 1876లో వానలు ముఖం చాటేశాయి. అది ధాత నామ సంవత్సరం. పేరుకి ధాత, పెట్టింది మాత్రం కరువు. ధాత కరువనే సీమ పెద్దలు తలుచుకునేవారు. అనంతపురం అప్పటికింకా బళ్ళారి జిల్లాలోదే. అక్కడ జనం మలమల మాడుతుండగానే, 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు చేసి విక్టోరియాని చక్రవర్తినిగా చాటారు. కొత్త సంవత్సరం వేడుకంటే అదీ!

ఆ నెలలోనే ఖర్చు తగ్గించమని సర్ రిచర్డ్ టెంపుల్ని మద్రాసు పంపారు. కరువు పనుల్లో రాళ్ళు మోసే మనిషికి రోజుకి ఒక పౌను ధాన్యం, పైన కాస్త చిల్లర చాలన్నాడాయన. పౌనంటే సుమారు 450 గ్రాములు. కొలిచి ఎసట్లో పోసే మనకి తెలీదూ, పొద్దస్తమానం బరువులు మోసే ఒంటికి అదేమూలకో! డాక్టర్ కార్నిష్ అనే ఇంగ్లీషాయనే, ఆ తిండితో మనిషి బతకడని ఎదిరించాడు. కాని ఈశ్వర నామ సంవత్సర ఉగాది వచ్చేనాటికీ అదే కొలత. వేపపువ్వు పచ్చడి అక్కర్లేకుండానే నోళ్ళు చేదెక్కి ఉంటాయి. వేసవిలో గాని కూలి పెంచలేదు.

సెలవులకి కొండెక్కడం తప్పని నేననను. చల్లటి గాలికి ప్రాణం లేచొస్తుంది, నిజమే. అయితే ఆ మంచు అక్కడివాళ్ళకి ఆటవస్తువే కాదు, ఎండలు ముదరగానే కరిగి కిందివాళ్ళకి ఏరై దిగుతుంది. దొరలు మాత్రం కొండెక్కి, కింద ఉన్నవాళ్ళకి తిండి కొలవడం మొదలుపెట్టారు. పైనున్నవాళ్ళకి మంచుకున్న పాటి జాలైనా ఉండొద్దుటండీ!