వృథాపోవు వేడి నుండి వేగము

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలోని శ్రోతలకు చెరువు మరవ సంగతి మనము వేరుగ చెప్పనక్కరలేదు. పై చెరువు నిండి మరవ పారిన నీరు క్రింది చెరువును నింపును. మోటారు పందెముల ఇంజను చరిత్రయు ఇంచుమించు ఈ మరవనీటి కథయే.

పెట్రోలు మండగా పుట్టిన శక్తిలో పెద్ద భాగము వేడియై పొగగొట్టము వెంట పోవును. ఆ పొగ చేతనే ఒక చక్రమును త్రిప్పించి, దాని బలముతో ఇంజనులోనికి ఎక్కువ గాలిని నెట్టవచ్చునని స్విట్జర్లండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లో పేటెంటు పొందెను. అదియే టర్బోఛార్జరు.

ఫార్ములా వన్ పందెములలోనికి దానిని 1977లో రెనో కంపెనీ తెచ్చెను. ఆ కారు మాటిమాటికి పొగ గ్రక్కి ఆగిపోవుటచే, దానిని పసుపుపచ్చని తేనీటి కూజా యని పరిహసించిరి. 1979లో ఫ్రాన్సులోని దిజోను పందెమున జాన్ పియెర్ జబూయి ఆ కంపెనీ టర్బో కారుతో గెలువగా పరిహాసము సద్దుమణిగెను. పిమ్మట టర్బోల శక్తి మితిమీరినందున 1988 తరువాత వానిని నిషేధించిరి.

పొగతోపాటు బ్రేకు కూడ శక్తిని వృథాచేయును. కారు వేగమంతయు అచ్చట వేడిగా మారిపోవును. ఆ శక్తిని నిలువచేసి తిరిగి వాడుకొనుటకు 2009లో అనుమతి లభించెను. ఆ యేటనే హంగేరీలో లూయిస్ హామిల్టన్ అట్టి కారుతో గెలిచెను.

2014లో ఈ రెండు పాయలును కలిసినవి. 1.6 లీటర్ల ఆరు సిలిండర్ల టర్బో ఇంజనుకు రెండు విద్యుద్యంత్రములు జతయైనవి. ఒకటి బ్రేకు శక్తిని, రెండవది పొగ శక్తిని విద్యుత్తుగా మార్చును. పందెమునకు 100 కిలోల ఇంధనమే పరిమితి యగుటచే పొదుపే వేగమునకు మార్గమయ్యెను. ఇంధన శక్తిలో సగమునకు పైగా పనిగా మార్చగలిగితిమని 2017లో మెర్సిడెస్ సంస్థ ప్రకటించెను.

ఇంతటి విజయము సాధించినను, 2026 నియమములు పొగ వైపు యంత్రమును తొలగించినవి. అది మిక్కిలి ఖరీదైనది, క్లిష్టమైనది. సామాన్యుల కార్లలోనికి రాలేకపోయినది. బ్రేకు వైపు యంత్రము శక్తిని మాత్రము 120 నుండి 350 కిలోవాట్లకు పెంచిరి.

బ్యూకి చక్రము మాత్రము మన వాకిటికే వచ్చినది. పెనుకొండ సమీపమున యెర్రమంచిలోని కియా కార్ఖానానుండి 2019లో వెలువడిన సెల్టోస్ కార్లలో 1.4 లీటర్ల టర్బో ఇంజను గలవియు ఉండెను. ఆయకట్టు విలువకు మించిన వెచ్చముతో కట్టిన చెరువు ఎంత నిండినను రైతుకు గిట్టదు. యంత్రవిద్యకును ఇదియే న్యాయము: పందెములో గెలిచినది కాదు, ఇంటింటికిని అందినదే నిలుచును.