భోంగాపాల్ బుద్ధుడు, బస్తర్ ప్రదర్శనశాలలు

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని కొండగావ్ జిల్లాలో, పూర్వపు బస్తర్ సంస్థాన భూభాగంలో, భోంగాపాల్ అనే గ్రామం ఉంది. ఆ గ్రామ సమీపంలోని అడవిలో ఒక ఇటుక దిబ్బ, దానిపై పద్మాసనంలో కూర్చున్న బుద్ధుని శిలావిగ్రహం ఉన్నాయి. 1990-91లో అప్పటి మధ్యప్రదేశ్ ప్రభుత్వ పురావస్తు శాఖ ఇక్కడ తవ్వకాలు జరిపి, ఇటుకలతో కట్టిన చైత్యగృహ శిథిలాలను వెలికితీసింది. దగ్గరలోనే శివాలయాల శిథిలాలు, సప్తమాతృకల శిల్పం కూడా ఉన్నాయి. ఈ నిర్మాణాలు నలవంశ రాజుల కాలానికి, అంటే క్రీ.శ. 5, 6 శతాబ్దాలకు చెందినవని పండితుల అభిప్రాయం. చుట్టుపక్కల గ్రామాల ప్రజలు మాత్రం ఆ మూర్తిని ‘డోకరా బాబా’ అంటారు. స్థానిక భాషలో డోకరా అంటే ముసలివాడు, పెద్దాయన. వారు ఆ పెద్దాయనకు తమ పద్ధతిలో మొక్కుకుంటారు.

ఒకే శిలకు రెండు పేర్లు. ఒకటి శాస్త్రజ్ఞులు పెట్టినది, రెండవది ఊరు పెట్టినది. ప్రదర్శనశాల అనే సంస్థ ఈ రెండు పేర్లలో దేనిని రాసుకోవాలి? బస్తర్ ప్రాంతపు వస్తువులు, వాటిని భద్రపరచిన మ్యూజియాల చరిత్ర ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

బస్తర్ జిల్లా కేంద్రమైన జగదల్‌పూర్‌లో భారత మానవశాస్త్ర సర్వేక్షణ సంస్థ 1972లో ఒక మానవశాస్త్ర మ్యూజియాన్ని నెలకొల్పింది. మురియా, మాడియా, హల్బా, భత్రా, ధుర్వా మొదలైన సమాజాల జీవితానికి సంబంధించిన పనిముట్లు, ఆభరణాలు, వాద్యాలు, వేట సామగ్రి అక్కడ చూడవచ్చు. సందర్శకునికి కనిపించేది అద్దాల వెనుక ఉన్న వస్తువు మాత్రమే. ఇటువంటి మ్యూజియంలో నిత్యం జరిగే పనిలో ఎక్కువ భాగం అతని కంటపడదు. కర్రకు చెద పట్టకుండా, ఇత్తడికి చిలుము ఎక్కకుండా, వెదురు తేమకు బూజు పట్టకుండా కాపాడుకోవాలి. వానాకాలం దీర్ఘంగా ఉండే బస్తర్ వంటి అటవీ ప్రాంతంలో ఇది తేలికైన బాధ్యత కాదు. అన్నిటికంటె ముఖ్యమైనది నమోదు పుస్తకం. వస్తువు పేరు, పదార్థం, కొలతలు, సేకరించిన చోటు, తేదీ అందులో ఉంటాయి. వస్తువు ముక్కలైనా ఈ వివరాలుంటే చరిత్ర కొంత మిగులుతుంది. వివరాలు పోతే వస్తువు చెక్కుచెదరకుండా ఉన్నా చరిత్ర మిగలదు.

చెక్క దువ్వెన ఒక ఉదాహరణ. మురియా యువతీయువకుల ఘోటుల్ జీవితంలో దువ్వెనకు ప్రత్యేక స్థానం ఉంది. యువకుడు తన చేతులతో చెక్కి, తాను ఇష్టపడిన అమ్మాయికి ఇచ్చేవాడు. వెరియర్ ఎల్విన్ 1947లో ప్రచురించిన ఘోటుల్ గ్రంథంలో ఈ ఆచారాన్ని వివరంగా నమోదు చేశాడు. ‘చెక్క దువ్వెన, బస్తర్’ అని మాత్రమే రాసిన చీటీ పక్కన అది తల దువ్వుకునే పరికరం. ఇచ్చినవారెవరు, పుచ్చుకున్నవారెవరు, ఏ సందర్భంలో అన్న మాట చేరితే అదే దువ్వెన ఒక సమాజపు ప్రేమకు, మర్యాదకు సాక్ష్యం.

చోటు మారిన వస్తువు ఏం పోగొట్టుకుంటుందో తెలుగువారికి బాగా తెలిసిన ఉదాహరణ అమరావతి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పఫలకాలు మద్రాసు చేరాయి. వాటిలో పెద్దభాగం 1859లో లండన్‌కు వెళ్లి, 1880లో బ్రిటిష్ మ్యూజియం అధీనంలోకి వచ్చింది. శిల్పాలు దక్కాయి. స్తూపం మాత్రం తన అలంకారానికి దూరమైంది. నాగార్జునకొండ కథ వేరు. జలాశయంలో మునగబోతున్న లోయలో 1954 నుంచి 1960 వరకు విస్తృతంగా తవ్వకాలు జరిపి, దొరికిన వాటిని కొండపైకి చేర్చారు. ఆ కొండ ద్వీపమైంది, మ్యూజియం అక్కడే వెలసింది. తరలించక తప్పని చోట కూడా పుట్టిన నేలకు దగ్గరగా ఉంచవచ్చునని ఆ ప్రయత్నం చూపింది.

బస్తర్‌లో ఇటువంటి తరలింపుకు గురైన ఒక తెలుగు శిల కూడా ఉంది. ఇంద్రావతీ తీరంలోని బార్సూర్ ఒకప్పటి చక్రకూట నాగవంశీయుల ముఖ్య పట్టణాలలో ఒకటి. అక్కడ క్రీ.శ. 1060 నాటి తెలుగు శాసనం ఒకటి వేయబడింది. నాగరాజు జగదేకభూషణ ధారావర్షుని సామంతుడైన చంద్రాదిత్యుడు బార్సూర్‌లో శివాలయం కట్టించి, చెరువు తవ్వించిన సంగతిని అది తెలుపుతుంది. ఆ శిల బార్సూర్‌లో నిలవలేదు, నాగపూర్ మ్యూజియానికి చేరింది. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాలలో రాయ్ బహదూర్ హీరాలాల్ దానిని పరిష్కరించి ప్రకటించాడు. మ్యూజియంలో చేరడం వల్ల శాసనం పండితలోకానికి అందింది, ఇది మేలే. కాని బార్సూర్‌లోని గుడిని, చెరువును చూసేవారికి వాటిని గురించి చెప్పే మాట వందల కిలోమీటర్ల దూరంలో ఉంది. శాసనం మ్యూజియంలో ఉండవచ్చు. దాని ప్రతిరూపమైనా, దాని సారాంశమైనా పుట్టిన చోట ఉండాలి.

లోహశిల్పం విషయంలో కథ మరో మలుపు తిరిగింది. బస్తర్ ఘడ్వా కళాకారులు మట్టి అచ్చుపై తేనెమైనపు తీగలను చుట్టి, వాటిపై మళ్లీ మట్టి పూసి, కొలిమిలో మైనాన్ని కరిగించి, ఆ ఖాళీలో కరిగిన లోహాన్ని పోస్తారు. ఒక అచ్చుతో ఒకే బొమ్మ వస్తుంది. అచ్చు పగిలితేనే బొమ్మ బయటపడుతుంది. విపణిలో దీనికి ఢోక్రా అని పేరు. దీనికీ, భోంగాపాల్ డోకరా బాబాకూ ధ్వనిసామ్యం ఉంది. ఒకప్పుడు ఈ బొమ్మలు గ్రామదేవతల కోసం, మొక్కుబడుల కోసం, ఆభరణాల కోసం తయారయ్యేవి. గత శతాబ్దపు రెండవ సగంలో కొండగావ్‌కు చెందిన జయదేవ్ బఘేల్ వంటి కళాకారులు వాటిని దేశవిదేశాల ప్రదర్శనలకు తీసుకువెళ్లారు. బస్తర్ ఢోక్రాకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. గుడి కోసం పోసిన బొమ్మ ప్రదర్శన కోసం పోసిన బొమ్మగా మారినప్పుడు కళాకారునికి పేరు వచ్చింది, జీవిక దొరికింది. ఆ మార్పును పతనమని అనడం న్యాయం కాదు.

బౌద్ధ కళాభ్యాసకులకు ఈ విద్య మరొక కారణం చేత ముఖ్యం. ఛత్తీస్‌గఢ్‌లోని సిర్పూర్‌లో లభించిన బౌద్ధ కాంస్య ప్రతిమలు ఈ మైనపు పోత పద్ధతికే చెందినవి. వాటిలో కొన్ని 1875లో స్థాపించబడిన రాయ్‌పూర్ మహంత్ ఘాసీదాస్ స్మారక మ్యూజియంలో ఉన్నాయి. ఆ శిల్పులకూ నేటి ఘడ్వాలకూ వంశసంబంధం ఉందని ఈ పోలిక వల్ల రుజువు కాదు. అయినా ఆ ప్రతిమ ఎలా తయారైందో నేటి సందర్శకుడు తెలుసుకోవాలంటే కొండగావ్‌లోని ఒక కొలిమి దగ్గర నిలబడితే చాలు. కాంస్య బుద్ధుని పక్కన మట్టి అచ్చును, మైనపు తీగను ఉంచగల ప్రదర్శన మంచి పాఠశాల అవుతుంది.

చోటు విలువ ఎంతటిదో 2017 జనవరిలో జరిగిన ఒక సంఘటన గుర్తుచేసింది. దంతెవాడ జిల్లా బైలాడీలా కొండలలోని ఢోల్‌కల్ శిఖరంపై నాగవంశీయుల కాలపు గణేశ విగ్రహం ఉండేది. అది లోయలో ముక్కలై కనిపించింది. ముక్కలను ఏరి తెచ్చి, పురావస్తు నిపుణులు అతికించారు. అతికిన విగ్రహాన్ని మ్యూజియంలో పెట్టడం సురక్షితమైన మార్గమే. అయినా దానిని తిరిగి శిఖరం మీదనే ప్రతిష్ఠించారు. ఆ గణపతిని ఆ శిఖరం నుంచి వేరు చేస్తే మిగిలేది అతికించిన రాయి మాత్రమే. నిపుణుల విద్య, ప్రజల భక్తి ఇక్కడ ఒకదానికొకటి అడ్డురాలేదు.

ఇక భోంగాపాల్‌కు తిరిగి రావాలి. డోకరా బాబా పూజను చూసి, అక్కడ బౌద్ధం పదిహేను శతాబ్దాలుగా ఎడతెగక నిలిచిందని అనుకోవడం తొందరపాటు. నిలిచినది బుద్ధప్రతిమ, దానిపై గౌరవం. ధర్మం, సంఘం అక్కడ ఎప్పుడో కనుమరుగయ్యాయి. పల్నాటిలోని చేజెర్లలో బౌద్ధ చైత్యం కపోతేశ్వరాలయమై నిలిచింది. కొత్త దేవుని కొలువే ఆ పాత కట్టడాన్ని కాపాడింది. భోంగాపాల్‌లోనూ ఊరివారు పెద్దాయన అని మొక్కకపోతే ఆ శిల ఈనాటికి ఏమై ఉండేదో చెప్పడం కష్టం. తొలి సంరక్షకులు వారే. అందువల్ల ‘ఇది బుద్ధుడు, మీరనుకునే బాబా కాడు’ అని వారికి చెప్పడం చరిత్ర పేరిట చేసే అన్యాయం. ‘ఇది బాబాయే’ అని చెప్పి చరిత్రను దాచడం మరో అన్యాయం.

దీనికి పరిష్కారం పెద్ద ఖర్చుతో కూడినది కాదు. మ్యూజియం నమోదు పుస్తకంలో మరొక గడి గీస్తే చాలు: ఆ వస్తువును దాని ఊరివారు ఏమంటారు? భోంగాపాల్ ఫలకంపై ‘బుద్ధుడు, నలవంశ కాలం’ అన్న పంక్తి కింద ‘డోకరా బాబా’ అని రాస్తే శాస్త్రానికి లోటు రాదు. ఆ రెండవ పంక్తిని చదివిన ఊరి పిల్లవాడు మొదటి పంక్తిని కూడా చదువుతాడు. తన తాత మొక్కిన పెద్దాయన అడవి దాటి, సిర్పూర్ దాటి, అమరావతి దాటి విస్తరించిన ఒక గొప్ప సంప్రదాయానికి చెందినవాడని అప్పుడు అతనికి తెలుస్తుంది.