గ్యాస్ దీపం చెప్పిన సాక్ష్యం

సినిమా పేర్లు కొన్నాళ్ళు గోడలమీద ఉండి, పిమ్మట చెరిగిపోవటం సహజం. అరుదుగా ఒక పేరు సినిమాను విడిచి జనుల నిత్యవ్యవహారంలో చేరుతుంది. ఒకే రోజు మరల మరల వచ్చినట్లుండే విసుగు బ్రతుకును ఇంగ్లీషులో 'గ్రౌండ్‌హాగ్ డే' అంటారు. అది అమెరికాలో ఫిబ్రవరి 2న జరుపుకొనే పండుగ పేరే అయినను, ఈ అర్థం మాత్రం 1993 నాటి చిత్రంవలన వచ్చినది. చనిపోయేలోగా చేయదలచిన పనుల పట్టికను 'బకెట్ లిస్ట్' అనటం 2007 నాటి చిత్రంతో వ్యాప్తి చెందినది. ఇట్టి మాటలలో 'గ్యాస్‌లైట్' చరిత్ర విలక్షణమైనది. దాని వెనుక ఒక భౌతికశాస్త్ర విషయం కూడ ఉన్నది.

బొగ్గును గాలి సోకకుండ వేడిచేసినపుడు మండే వాయువు వెలువడుతుంది. విలియం మర్డాక్ 1792లో ఇంగ్లండులోని రెడ్రూత్ పట్టణంలో ఈ వాయువుతో తన ఇంట దీపాలు వెలిగించినాడు. 1812లో లండనులో దీనిని సరఫరా చేయుటకు ఒక కంపెనీ ఏర్పడినది. ఆ శతాబ్దంలోనే నగరాల వీధులకు, తరువాత ఇళ్ళకు గ్యాస్ గొట్టాలు వచ్చినవి.

ఆ కాలపు లండను ఇంటినే పాట్రిక్ హామిల్టన్ 1938లో వ్రాసిన 'గ్యాస్ లైట్' నాటకానికి రంగస్థలంగా తీసుకొన్నాడు. దానిని 1940లో బ్రిటనులోను, 1944లో హాలీవుడ్‌లోను చిత్రాలుగా తీసినారు. రెండవదానిలో నటించిన ఇంగ్రిడ్ బెర్గ్‌మన్‌కు ఉత్తమ నటిగా ఆస్కార్ బహుమతి లభించినది.

1944 చిత్రంలో పౌలా అనే యువతి, తనను పెంచిన గాయని ఇంటికి భర్తతో కాపురానికి వస్తుంది. ఆ గాయనిని చంపినవాడు ఆ భర్తయే. ఆమె నగలు అటకమీద ఎక్కడో ఉన్నవని అతడు ఎరుగును. భార్య మాటను ఎవరూ నమ్మకుండ చేయుటకై వస్తువులను తానే దాచి, ఆమెయే మరచినదని నిందిస్తాడు. రాత్రి బయటికి పోయినట్లు నటించి, పక్క ఇంటి కప్పు మీదుగా అటకలో ప్రవేశించి, అక్కడ దీపం వెలిగించి వెదకుతాడు. అదే సమయంలో క్రింద పౌలా గదిలోని దీపం మందగిస్తుంది.

ఇందుకు కారణమేమి? ఇంటిలోని దీపాలన్నిటికి వాయువు ఒకే గొట్టంనుండి చీలి వస్తుంది. మరొక దీపం వెలిగిస్తే ఆ గొట్టంలో ప్రవాహం హెచ్చుతుంది. ప్రవాహం హెచ్చినకొద్దీ గొట్టపు గోడల రాపిడివలన పీడనం మరింత పడిపోతుంది. మొదటి దీపానికి చేరే వాయువు తగ్గి, జ్వాల కుంచించుకొనిపోతుంది. ఒక కుళాయి తిప్పగానే రెండవ కుళాయి ధార సన్నబడటం అందరెరిగినదే.

ఇక్కడ గమనింపదగిన విషయమొకటి ఉన్నది. దీపం మందగించటం భర్త పన్నిన మాయ కాదు. అది అతనికి తెలియకుండానే అతనిని పట్టియిచ్చిన ఆనవాలు. ఆ ఇంట నిజం చెప్పినది దీపమొక్కటే. అయినను కాలక్రమాన దాని పేరే మోసానికి పేరైనది.

1969లో 'లాన్సెట్' వైద్యపత్రికలో బార్టన్, వైట్‌హెడ్ అను వైద్యులు ఈ పేరుతోనే ఒక వ్యాసం ప్రకటించినారు. జబ్బువలన గాక, బంధువుల కుట్రవలన మానసిక వైద్యశాలకు చేరినవారి ఉదంతాలు అందులో ఉన్నవి. 2015లో ఇంగ్లండు, వేల్సులలో కుటుంబసభ్యులను ఒత్తిడితో అదుపులో పెట్టుకొనే ప్రవర్తనను చట్టం నేరంగా ప్రకటించినది. 2022లో మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువు 'గ్యాస్‌లైటింగ్'ను ఆ సంవత్సరపు పదంగా ఎన్నుకొన్నది. ఆ ఏడు దానిని వెదకినవారి సంఖ్య 1,740 శాతం పెరిగినదని తెలిపినది.

మాట వ్యాపించినకొద్దీ అర్థం పలుచబడటం కూడ కద్దు. నేడు కొందరు సాధారణమైన అబద్ధాన్ని, చిన్న అభిప్రాయభేదాన్ని సైతం ఈ పేరుతో పిలుస్తున్నారు. ఒక మనిషికి తన కన్నులమీద, జ్ఞాపకంమీద గల నమ్మకాన్నే పోగొట్టటం దీని అసలు అర్థం. ఈ తేడా చెరిగిపోతే నిజంగా బాధపడేవారికి తమ బాధ చెప్పుకొనే మాట కరవవుతుంది.

చిత్రంలో పౌలా ఎట్లు బయటపడినది? ఒక పోలీసు అధికారి ఆమె గదిలో నిలబడి, దీపం తగ్గటం తన కన్నులతో చూసినాడు. ఒకరు చూచినదానిని మరొకరు స్వతంత్రంగా చూచి ధ్రువపరచటమే శాస్త్రపద్ధతి. పౌలాకు ఆనాడు కావలసినది ఔషధం కాదు, ఆ రెండవ సాక్షియే.